అంజూర చెట్టును కొట్టించిన నా కొలత

చదువు అప్పుడే ముగిసి సిడ్నీలో ఒక సర్వే కంపెనీలో చేరిన ఆ రోజుల్లో, నేల మీద ఏది ఎక్కడుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. సొంతంగా హద్దులు తేల్చే లైసెన్సు మాత్రం లేదు (లేదన్న సంగతి అడిగినవాళ్లకే చెప్పేవాణ్ణి).

టూంగాబీలో ఉండే మా నాన్నగారి స్నేహితుడు, నేను అంకుల్ అని పిలిచే ఆయన, ఓ శనివారం బార్బీకి (బార్బెక్యూకి అక్కడి ముద్దుపేరు) పిలిచి, "ఆ పక్కింటి ఫెన్స్ మన ల్యాండ్‌లోకి వచ్చిందని నా డౌట్. ఒక్కసారి చెక్ చెయ్యి నాన్నా" అన్నారు. ఆఫీసు జీపీఎస్ పరికరం కార్లోనే ఉంది. ఇంటి పాత ప్లానులోని అంకెలు అందులో ఎక్కించి దక్షిణపు మూల వెతికితే, అది ఫెన్స్‌కు ఒకటిన్నర మీటరు అవతల, పక్కింటి ముసలావిడ అంజూర చెట్టు మొదట్లో తేలింది. "చూశావా! నేను చెప్తూనే ఉన్నా" అని అంకుల్ వీపు తట్టారు. ఆ సంబరంలో, చెట్టున్న నేల అంకుల్‌దని ఫెన్స్ మీదుగా ఆవిడకు చెప్పింది కూడా నేనే. పోయిన భర్త నాటిన చెట్టట. ఆవిడ కాసేపు దానివైపే చూసి, "మీదైతే మీదే, లవ్. కొలిచినవాడివి నువ్వు కదా" అంది (అక్కడి పెద్దవాళ్లు ఎవరినైనా లవ్ అనే పిలుస్తారు).

సోమవారం మా బాస్‌కు గొప్పగా చెప్పాను. ఆయన కాఫీ పక్కన పెట్టి, "ప్లాన్‌లోని అంకెలు ఏ సిస్టమ్‌లో ఉన్నాయి?" అన్నాడు. పాతది. "మెషిన్?" కొత్తది. ఆస్ట్రేలియా ఖండం ఏటా కాస్త కాస్త ఈశాన్యానికి జరుగుతోందని, అందుకే ఇక్కడ చట్టబద్ధమైన కొలతల పద్ధతినే మార్చారని, పాత అంకెల్ని కొత్త పద్ధతిలో వాడితే చోటు అంత దక్షిణానికి తప్పుతుందని పరీక్ష రాసి పాసైనవాణ్ణి నేను! పైగా హద్దు తేల్చేది ఒట్టి అంకెలు కావు, నేలలో పాతిన గుర్తులు. "ఉత్తరం వైపు కొలిచావా?" అన్నాడు. కొలవలేదు (కొలిచి ఉంటే అటు అంకుల్ స్థలం అంతే తగ్గినట్టు తేలేది. కలిసొచ్చిన కొలతను ఎవరు మళ్లీ చూస్తారు?).

ఆ సాయంత్రమే ఆవిడ ఇంటికి పరుగెత్తాను. చెట్టు లేదు. గొడవెందుకని ఆవిడే ఆదివారం కొడుకుని పిలిచి కొట్టించేసిందట. "తప్పు నాది. ఆ నేల మీదే" అన్నాను, కారణమూ చెప్పాను. ఆవిడ తిట్టలేదు. టీ ఇచ్చి, "అయితే దేశమే జరిగిందన్నమాట. నాకెవరూ చెప్పలేదే" అంది. అంకుల్ చాలా రోజులు ఆవిడకు ఎదురుపడలేక పక్క గేటు నుంచి వెళ్లేవారు.

ఆనాటి ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ బాధే, దాని వెనకే కాస్త నవ్వూ వస్తుంది. ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆగిపోయేవాడు. కానీ వాడు ఎంత నమ్మకంగా నిలబడ్డాడంటే, ఇప్పటి నేను అక్కడ ఉన్నా అడిగేవాణ్ణి కాదు.