కారతాయని తీసేసిన బ్యాటరీలు

"నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు భూమి కదిలితే, చితోసెని ఎవరు ఎత్తుకుని కొండెక్కుతారు?"

ఈ మాట పైకి అనకూడదనుకుంటూనే అనేశాను. ఉసుజావా గారి షాపులో అడుగుపెట్టి రెండు నిమిషాలు కాలేదు, నా పేరు కూడా చెప్పలేదు. మూడేళ్ళ మా పాప చితోసె నా వేలు పట్టుకుని, గోడ నిండా ఉన్న చెక్క రేడియోలను నోరు తెరిచి చూస్తోంది. మా ఆయన ఉద్యోగం లోతట్టు ఊళ్ళో, వారానికోసారి వస్తారు. నా ల్యాబ్‌కీ పాప బడికీ మధ్య ఇరవై కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. తలుపు పక్కన పెట్టుకున్న అత్యవసర సంచిలోకి మా అమ్మమ్మ ట్రాన్సిస్టర్‌ను బాగు చేయించాలని తెచ్చాను. సైన్సు చదివినదాన్నే అయినా, మూడు పెద్ద భూకంపాలు దాటిన వస్తువు మీద ఉన్న నమ్మకం కొత్తదాని మీద కుదరలేదు.

"ఎక్కడమ్మా పని?" అన్నారాయన తల ఎత్తకుండా.

"నీటి పరీక్షల ల్యాబ్‌లోనండీ."

"అయితే నీళ్ళ డాక్టరమ్మవన్నమాట. ఇలా తే, రోగిని చూద్దాం."

కిటికీ దగ్గర టీ తాగుతున్న పెద్దాయన నవ్వారు. ఆయన ఒయికావా గారు, ఒకప్పుడు చేపల పడవల్లో రేడియో ఆపరేటరు. "జాగ్రత్తమ్మా, వీడి చేతికిస్తే బాగవుతుంది గానీ ఇంటికి రాదు. వీడు వదిలిపెట్టడు."

ఉసుజావా గారు ట్రాన్సిస్టర్‌ను వెనక్కి తిప్పి మూత తెరిచారు. "బ్యాటరీలేవీ?"

"తీసేశానండీ. లోపలుంటే కారి రేకుల్ని తినేస్తాయి కదా. విడిగా ఓ డబ్బాలో భద్రంగా పెట్టాను." కొంచెం గొప్పగానే చెప్పాను.

ఆయన సోల్డరింగ్ ఐరన్‌ను స్టాండులో పెట్టేశారు. ఒయికావా గారి నవ్వు ఆగిపోయింది. నేను తప్పేం అన్నానో అర్థం కాలేదు.

"ఎల్లుండి రా" అన్నారు ఉసుజావా గారు, అంతే.

మెట్లు దిగుతుంటే ఒయికావా గారు వెనకే వచ్చి సంగతి చెప్పారు.

ఉసుజావా గారు కొయిహమ రేవులో ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కు. పాత రేడియోలు ఆయన పిచ్చి. పారేసినవి తెచ్చేవారు, ఎలకలు కొరికిన తీగలు మార్చేవారు, పేలిన కండెన్సర్లు తీసి కొత్తవి వేసేవారు. "ఇది ఇల్లా, శవాల గదా? చచ్చిన రేడియోలన్నీ కొండ మీదకి మోసుకుపో" అని భార్య ఫుసాయె గారు కేకలేస్తే, కొండ మీద ఈ గది అద్దెకు తీసుకున్నారు. ఆవిడ కోసం ఇంట్లో ఒక్కటే ఉంచారు. పెళ్ళయిన కొత్తలో కొన్న తోలు సంచి ట్రాన్సిస్టర్. ఆవిడ దాన్ని వాడేది తక్కువ, ఆయన దాన్ని చూసుకునేది ఎక్కువ. కారి పాడవుతుందని బ్యాటరీలు తీసి, ఈ షాపులో డబ్బాలో పెట్టుకునేవారు. పాత రేడియోల వాళ్ళందరూ మొదట నేర్చుకునే జాగ్రత్త అది.

2011 మార్చిలో ఆ రోజు ఆయన ఒక రేడియో వాల్వు కోసం లోతట్టు ఊరికి వెళ్ళారు. మధ్యాహ్నం భూమి ఊగింది. కరెంటు పోయింది. రేవులో మైకు ఒక్కసారి మోగింది: మూడు మీటర్ల సునామీ అల. సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ ఆరు మీటర్లు. ఆ తర్వాత మైకు మోగలేదు. అంకె పెరిగిందని చెప్పింది రేడియో. బ్యాటరీలున్న రేడియో ఉన్నవాళ్ళు విన్నారు, పరిగెత్తారు.

"కొండ మీద అరవై రేడియోలు. ఒక్కదానికి గీత పడలేదు" అన్నారు ఒయికావా గారు. "ఆ తర్వాత వాడి ముందు 'బ్యాటరీలు తీసేశాను' అన్న మొదటి మనిషివి నువ్వేనమ్మా."

ఫుసాయె గారు దొరకలేదు. ఆ ట్రాన్సిస్టర్ మాత్రం వంటగది చెక్కల కింద బురదలో దొరికింది. దొరికిన వస్తువులన్నీ పరిచిన వ్యాయామశాలలో, తను కుట్టిన తోలు పట్టీ చూసి ఆయన గుర్తుపట్టారట.

అప్పటినుంచి నేను ఆ షాపుకు వెళ్తూనే ఉన్నాను. నా సెలవు రోజుల్లో సాయంత్రం నాలుగింటికి ముందు ఆయన ఏదో ఒక వాల్వు రేడియో పెట్టేవారు. అది వేడెక్కే అరనిమిషం ముగ్గురం మాట్లాడేవాళ్ళం కాదు. తర్వాత సముద్ర వాతావరణం, అలల ఎత్తు.

"నీ రేడియో గొంతు సవరించుకునేలోపు నాకు ముసలితనం వచ్చేసిందిరా" అనేవారు ఒయికావా గారు.

"నీకెప్పుడో వచ్చింది. రేడియోలో ఇప్పుడు చెప్పారు" అనేవారు ఉసుజావా గారు.

తోలు సంచి ట్రాన్సిస్టర్ పై అరలో, గుడ్డలో చుట్టి ఉండేది. పైపైన ఉప్పు కడిగారు గానీ, తుప్పుతో బిగుసుకుపోయిన బ్యాటరీల మూత మాత్రం పన్నెండేళ్ళుగా తెరవలేదు. సునామీ వచ్చిన రోజు ఉదయం బయల్దేరే ముందు బ్యాటరీలు తీశానో, హడావిడిలో వదిలేశానో ఆయనకు గుర్తులేదు.

నేను కొలతల మనిషిని. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను: "తూకం వేద్దామండీ. ఖాళీ బరువు కంపెనీ పుస్తకంలో ఉంటుంది. తెరవక్కర్లేకుండానే తెలిసిపోతుంది."

"లోపలున్న బురద ఎన్ని గ్రాములో చెప్పగలవా డాక్టరమ్మా?"

చెప్పలేను.

"ఉన్నాయనుకో, విని కూడా ఫుసాయె ఇంట్లోనే ఆగిపోయిందని. లేవనుకో, వినకుండా చేసింది నేను" అన్నారాయన. "రెండింటిలో ఏదో తెలియకుండా ఉండటం నాకు అలవాటైపోయింది."

కానీ పోయిన చలికాలం ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. సోల్డరు చుక్క పడాల్సినచోట పడటం లేదు. చేతికి లొంగని పని చెయ్యనని మొండికేసి, రేడియోలు ఒక్కొక్కటే అడిగినవాళ్ళకు ఇచ్చేశారు. చివరికి అరల మీద దుమ్ములో చతురస్రాలు మిగిలాయి, పై అరలో గుడ్డమూట మిగిలింది. లోతట్టు ఊళ్ళో వృద్ధాశ్రమంలో చోటు దొరికిందని చెప్పి, మూటను నా ముందు పెట్టారు.

"నువ్వు తెరువు. నా చేతులు ఒప్పుకోవు."

వారం రోజులుగా నూనె చుక్కలు వేస్తూ వచ్చారట. నేను సన్న స్క్రూడ్రైవరు మూత అంచులోకి దూర్చాను. ఒయికావా గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. చితోసె ఆయన ఒళ్ళో ఉంది. మూత కదిలింది, ఎండిన బురద పొడి నా ఒళ్ళో రాలింది.

లోపల ఖాళీ.

రేకుల మీద తుప్పు ఉంది గానీ బ్యాటరీ కారిన తెల్లటి మరక ఎక్కడా లేదు. మూత లోపలి వైపు నాలుగు మడతల చిన్న కాగితం అతుక్కుని ఉంది. తడిపి, పట్టకారుతో విప్పాను. పెన్సిలు రాత. సిరా అయితే కరిగిపోయేది, పెన్సిలు గీతను నీళ్ళు ఏమీ చెయ్యలేవు. ఆయన చేతి రాతే: "బ్యాటరీలు షాపులో. పై అర, బిస్కట్ డబ్బా."

ఆయన కాగితం అందుకుని, కళ్ళకు దగ్గరగా పట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివారు.

"ఆవిడ ఇది చదివి ఉంటే..." అన్నాను. "బ్యాటరీల కోసం కొండెక్కుతూ..."

"ఎక్కలేదు." గొంతు మామూలుగానే ఉంది. "రేడియో దొరికింది వంటగదిలో, కొండ దారిలో కాదు. కాగితం మడత ఎవరూ విప్పలేదు. నువ్వు కొలిచేదానివి కదమ్మా. నన్ను ఓదార్చకు."

మైకు చెప్పిన మూడు మీటర్లు నమ్మి, కరెంటు లేని ఇంట్లో కిందపడ్డ గిన్నెలు ఏరుకుంటూ ఉండిపోయిన మనిషి కళ్ళ ముందు కనిపిస్తోంది. ఆయనకు పన్నెండేళ్ళుగా అదే కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ పక్కన ఒక 'ఏమో' అయినా ఉండేది. నా స్క్రూడ్రైవరుతో దాన్ని కూడా తీసేశాను.

ఒయికావా గారు పాపను దించి, లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "పదరా, టీ చల్లారిపోతోంది."

"నువ్వు తాగు."

ఏప్రిల్‌లో ఆశ్రమానికి వెళ్ళి చూశాను. గదిలో రేడియో లేదు. తెచ్చి ఇమ్మంటారా అంటే వద్దన్నారు. చితోసె రేడియో బొమ్మ గీసి ఇస్తే తీసుకుని దిండు పక్కన బోర్లా పెట్టుకున్నారు. అలల ఎత్తు ఇప్పుడు ఎవరు చెప్పినా వినబోరు.

ఆ మొదటి వారం, ఎల్లుండి రమ్మన్న రోజు, అమ్మమ్మ ట్రాన్సిస్టర్‌ను తిరిగిచ్చినప్పుడు అది ఆయన చేతిలో మోగుతూనే ఉంది. లోపల కొత్త బ్యాటరీలున్నాయి.

"వీటిని తియ్యకు" అన్నారు. "కారతాయి, కారనీ. కారితే వెనిగర్ దూదితో తుడువు. రేకు పోతే కొత్త రేకు వెయ్యి. రేడియో పాడైతే పాడవుతుంది. లోపలే ఉంచు."

ప్రతి నెలా మొదటి ఆదివారం దాన్ని సంచిలోంచి తీసి, చితోసె చేత మీట తిప్పిస్తాను. పోయిన నెల చూస్తే ఒక రేకు అంచు పచ్చబడి ఉంది. ఆ క్షారం రాగిని ఎంత త్వరగా తింటుందో నాకు లెక్క తెలుసు. వెనిగర్‌తో తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి, మూత పెట్టేశాను. వాటిని లోపలే ఉంచాను.