నలభై ఇళ్ల బియ్యం

ఉదయం పదిన్నరకు యతిరాజులు రెండు గుండిగల మూతలు తీస్తే అన్నం సగం జావగా, సగం పలుకుగా ఉంది. సత్రం వరండాలో నూటపన్నెండు మంది ఆకులు పరుచుకుని కూర్చున్నారు.

ఎనభయ్యో దశకం మొదట్లో ఒక కార్తీక మాసం. స్వర్ణముఖి పొంగి, ఏర్పేడు వైపు ఏటి ఒడ్డున గుడిసెలు కొట్టుకుపోయాయి. ఆ కూలి కుటుంబాలను తిరుపతిలో ఒక సత్రానికి చేర్చారు. రోజూ ఒక పూట తిండి తాను పెడతానని మాట ఇచ్చింది యతిరాజులు. వయసు అరవై ఒకటి. కొండమీద గుడి వంటశాలలో ముప్పై మూడేళ్లు పనిచేసి, ఇంటిపట్టున ఉంటున్నారు.

మూడు రోజులు కింద ఊళ్లో తానుండే, గుడి వెనక వీధిలో నలభై ఇళ్లు తిరిగి బియ్యం పోగుచేశారు. ప్రతి గడప ముందూ ఒకటే మాట. "మీరు ఏవి తింటారో అవే పోయండి. వేరే కొనొద్దు." ఒక్కరూ లేదనలేదు. అన్నీ ఒకే గోతంలో పోశారు.

"ముప్పై మూడేండ్లు వండినాను. ఒక్కనాడూ ఇట్లా దిగలేదు" అన్నారు, గరిటె పట్టుకుని.

సాయానికి వచ్చిన పూలమ్మే మునిరత్నమ్మ రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"కొండమీద ఒకే రకం బియ్యం గదా సామీ. ఈడ పాతవి, కొత్తవి, ఉప్పుడువి, రేషనువి. నలభై మంది కోడండ్లను ఒకే ఇంట్లో పెడితే ఒక మాట మీద ఉంటారా?"

"ఎగతాళి తర్వాత. ఇప్పుడేం చేసేది?"

వీధి ఇచ్చిన బియ్యం మొదటి రోజే మట్టిపాలైతే, రేపు ఏ గడప ముందు నిలబడాలో ఆయనకు తోచలేదు.

"పారేసేదెందుకు? ఇంకా నీళ్లు పోసి మెత్తగా ఉడకనియ్యి. రాగిపిండి ఏసి సంగటి కెలుకుదాం. సంగటికి ఏ బియ్యమైనా ఒకటే."

"మన వీధిలో రాగిపిండి ఎక్కడిదండీ?" అన్నది ఆయన భార్య పెరుందేవి.

"మీ వీధిలో ఉండదులేమ్మా. మా సందులో ఇంటింటా ఉండాది. సామి ఆ పక్కకే రాలేదు గదా."

నిజమే, వెళ్లలేదు. ఏ రోజు కూలి ఆ రోజు తినే ఇళ్లను అడగడం తప్పని ఆయన లెక్క. గుండిగల్లో ఇంకా నీళ్లు పోయించి, పెద్ద గిన్నె పట్టుకుని ఆ సందుకు నడిచారు. మొదటి ఇల్లు రిక్షా తొక్కే గురప్పది.

"మూడు దినాలుగా సూస్తా ఉండాను సామీ. మూల దాకా వచ్చి ఎనక్కి పోతా ఉండావు. మేమేమన్నా అడుక్కొని తింటా ఉండామా?"

"తప్పు నాదే గురప్పా. అక్కడ ఎసరు మరుగుతోంది. ముందు పిండి పొయ్యి, తర్వాత తిట్టు."

గురప్ప నవ్వలేదు. లోపలికి పోయి పిండి డబ్బా తెచ్చి గిన్నెలో బోర్లించాడు. ఆపైన తానే ముందు నడిచి, "బయటికి రాండబ్బా, సామి వచ్చినాడు" అని తలుపులు తట్టాడు. సందులో పదహారు ఇళ్లు. సోలెడు పోసిన వాళ్లున్నారు, చేటెడు తెచ్చిన వాళ్లున్నారు. ఉత్త చేతులతో గడప దాటినవాళ్లు ఎవరూ లేరు.

సంగటి కెలకడం యతిరాజులుకు రాదు. మొదటి గుండిగలో పిండి ఉండలు కట్టింది. మునిరత్నమ్మ తెడ్డు లాక్కోలేదు. పక్కనే నిలబడి ఎటు తిప్పాలో, ఎక్కడ అదమాలో చెప్పింది.

"దేవునికి వండినోడివి. మనుషులకు వండేది కూడా నేర్చుకో."

"నేర్పే గురువు నోరు కొంచెం తగ్గిస్తే నేర్చుకుంటా."

రెండో గుండిగకు చెయ్యి తిరిగింది. ఒక్క ఉండ కూడా లేదు. మునిరత్నమ్మ చిటికెడు తుంచి నోట్లో వేసుకుని తల ఊపింది. చెమట తుడుచుకుంటూ ఆయన భార్య వైపు చూశారు, చూశావా అన్నట్టు.

ఆ కుటుంబాలు సత్రంలో ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయి. రోజూ సంగటే. తెడ్డు యతిరాజులు ఎవరికీ ఇవ్వలేదు.