నాటకానికి సాంచెల చప్పుడు

జనం సగంలో లేచి వెళ్లిపోయిన నాటకాలు లోకంలో చాలా ఉన్నాయి. మొదలవకముందే జనమంతా పరుగు లంకించుకున్న నాటకం మాత్రం, నాకు తెలిసి, నాదొక్కటే. టమాటాలు విసిరినా బాగుండేది, కూరకైనా పనికొచ్చేవి. చెబుతాను, నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

సూరత్‌లో డిగ్రీ చదివే రోజులు. నాన్నది బ్యాంకు ఉద్యోగం కనుక ఆకలి తెలియదు, అందుకే కళాతృష్ణ దండిగా ఉండేది. కాలేజీ మిత్రులం కలిసి ఆ ఊళ్లోనే లింబాయత్ వాడలో తెలంగాణ నేత కుటుంబాల పిల్లలతో నాటకం వేద్దామని బయల్దేరాం. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. సాంచెల మీద తండ్రులు పడే కష్టమే కథ. తండ్రి వేషం ఏడో తరగతి లావణ్యది. మీసం పెడితే అచ్చం వాళ్ల బాపు నర్సయ్యే.

ఆ పిల్ల బడిలో పాట పాడినా, బహుమతి తెచ్చుకున్నా నర్సయ్య ఎన్నడూ చూడలేదు. పగటి పాళీ అయితే పనిలో, రాత్రి పాళీ అయితే నిద్రలో ఉండేవాడు. "అన్నా, గీ ఒక్కటి బాపు చూస్తే సాలు. సెలవు దినం పెట్టున్రి," అంది. కార్ఖానా మూసే రోజే పెట్టాం. నర్సయ్య ఇస్త్రీ చొక్కాతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, పెద్ద స్పీకరొకటి తెచ్చాను. సాంచెల చప్పుడు ముందే ఫోన్లో రికార్డు చేసి ఉంచాను. స్పీకరు వేదిక పక్కనుంటే సహజత్వం చెడుతుందని కార్ఖానా వైపు సందు చివర పెట్టించాను. దీపాలార్పి చప్పుడు వదిలాను. అద్భుతంగా వచ్చింది. మరీ అద్భుతంగా వచ్చింది.

"సాంచెలు నడుస్తున్నయి," అన్నారెవరో చీకట్లో. సెలవునాడు సేఠు కార్ఖానా తెరిచాడంటే అర్జెంటు సరుకన్నమాట. ముందు చేరినవాడికే పని. ఆలస్యమైనవాడి సాంచెలు ఇంకొకడి పాలు, ఆ ఒక్కరోజుకే కాదు. ఈ సంగతి వాడలో చంటిపిల్లలకూ తెలుసు, నాకు తప్ప. దీపాలు వేసేసరికి కుర్చీలూ చెప్పులూ మిగిలాయి. స్పీకరు తీగ పీకి చప్పుడు ఆపేసి, అది నాటకమేనని మైకులో మొత్తుకున్నాను. ఏళ్ల తరబడి సాంచెల మధ్య నలిగిన చెవులకు నా గొంతు ఆనలేదు.

కార్ఖానా తాళం చూసి తిరిగొస్తారులే అనుకున్నాను. లావణ్య మీసంతో వేదిక మీదే నిలబడింది. కాసేపటికి సందు చివర నుంచి మళ్లీ చప్పుడు. స్పీకరు తీగ చూస్తే నా చేతిలోనే ఉంది.

దేవుడి పటానికి దీపం పెట్టడానికి వచ్చిన సేఠు, గుమ్మంలో ఇంతమందిని చూసి మహా సంబరపడి, "ఆయే హో తో చాలూ కర్ దో," అన్నాడట, ఎలాగూ వచ్చారు కదా, నడిపేయండని. దీపావళి సరుకు ఆగిపోయి ఉంది మరి. ఎట్లా వద్దంటారు? వద్దన్నవాడికి రేపు పని ఉండదు. వాళ్లకున్న ఒక్క సెలవూ అలా నేను మింగేశాను.

లావణ్య మీసం పీకేసుకుంటూ, "చప్పుడు మంచిగ వెట్టినవన్నా. బాపు సుత నమ్మిండు," అంది. వెటకారం కాదు, మెచ్చుకోలే. సిగ్గుతో చచ్చిపోయాను.

కనుక మహాజనులారా, మీ సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా నాటకాల్లో సాంచెలు నడిస్తే పిల్లలే నోటితో టకటకమంటారు. అదీ మెల్లగా, సేఠుకు వినబడకుండా.