రాజక్క శనివారం

ఆ రోజుల్లో మా బెల్లంపల్లి క్వార్టర్లలో జనం గడియారాన్ని నమ్మేవాళ్లు కాదు, రాజక్క చేతిని నమ్మేవాళ్లు. ఫస్ట్ షిఫ్టు ఉన్నవాళ్ల తలుపులన్నీ ఆమే కొట్టేది. చీకటితోనే లేచి, వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పు చల్లి, లైను ఈ చివర నుంచి ఆ చివరకు దబదబా బాదుకుంటూ పోయేది. పిలిచినా పలకకపోతే కిటికీలోంచి చెంబెడు నీళ్లు కుమ్మరించేది. నా పని గని మీద ల్యాంప్ రూంలో. లోపలికి దిగేవాళ్లకు నెత్తిన పెట్టుకునే దీపాలిచ్చి, పైకొచ్చాక తీసుకుంటాను. ఎవడి జుట్టు తడిగా ఉందో చూస్తే ఆ పొద్దున రాజక్కకు ఎవడు దొరికాడో తెలిసిపోయేది. ఒకటి రెండు సార్లు నా జుట్టూ తడిసింది లెండి.

ఆమెది ఖానాపూర్ దగ్గర పల్లె. పెళ్లి చేసుకుని బొగ్గు ఊరికి వచ్చింది. కొడుకు పుట్టిన కొన్నాళ్లకే భర్త జ్వరంతో పోయాడు. కూలీనాలీ చేసి బాలమల్లును పెంచింది. మీసాలొచ్చాక వాడు కూడా గనిలోనే చేరాడు, బొగ్గు పారతో ఎత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపే పని. చేరిన ఏడాదే లోపల కప్పు కూలి, ఇద్దరితో కలిసి అవతల చిక్కుకుపోయాడు. రాజక్క గని మొగదల కూర్చుని ఎవరు లేపినా లేవలేదు. మర్నాడు వాణ్ణి ప్రాణాలతో పైకి తెచ్చారు. ఆ రోజు శనివారం. ఉన్నచోటనే ఆమె ధర్మపురి నర్సింహస్వామికి మొక్కింది.

"సామీ, నా కొడుకు బాయిలకు దిగినన్ని దినాలు శనివారం ఒక్కపొద్దుంట. నీసు ముట్ట."

బాయి అంటే గనే. ఆ రోజు ఒక్క పూటే తింటుంది, అదీ పొద్దుగూకినాక, మాంసం లేకుండా. ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చినా, సొంత తమ్ముడి పెళ్లి భోజనాలు ముందున్నా తప్పలేదు. మిగతా రోజుల్లో కోడికూరంటే ప్రాణమిచ్చే మనిషి ఆమె. బాలమల్లుకు మాత్రం నవ్వులాట. "నువ్వు తినకుంటే బాయి కప్పు ఆగుతదానె అవ్వా?" అనేవాడు, ఆమె ఎదురుగానే కూర్చుని మాంసం కలుపుకుంటూ. ఆమె పట్టించుకునేది కాదు.

ఎనభై నాలుగో ఎనభై అయిదో, చలికాలంలో సరళాదేవి మేడం మా ఊరొచ్చింది. కరీంనగర్‌లో కాలేజీ లెక్చరర్. ధర్మపురి వైపు దొరల ఇంటి బిడ్డ. ఆమె పరిశోధన అంతా జీవుల లోపల ఉండే గడియారం మీద. ఎలుకల్ని చీకటి గదిలో పెట్టి, తిరిగే చక్రం మీద అవి ఎప్పుడు పరుగెడతాయో ఏళ్లకేళ్లు చూసిందట. పగలు లేదు, రాత్రి లేదు, అయినా ఎలుక తన వేళకు లేచి చక్రమెక్కేదట. కాకపోతే ఆ వేళ మన వేళతో రోజుకింత చొప్పున జరుగుతూ పోయేదట. మనిషిలోనూ అంతేనా అన్నది ఆమె ప్రశ్న. వారానికో షిఫ్టు మారే ఊరు కదా, ఇక్కడ అడిగితే ఏమన్నా తెలుస్తుందని ల్యాంప్ రూంకు వచ్చింది. నేను తిన్నగా రాజక్క ఇంటికి తీసుకుపోయాను.

"పొద్దున ఎట్ల లేస్తవు రాజక్కా?" అని అడిగింది మేడం.

"ఎట్లేంది దొరసానీ? పొద్దే లేపుతది."

"పొద్దు కనపడకుంటే?"

"కనపడకుంటే ఏమైతది? నా కడుపుల ఉన్నది పొద్దు. గా పాత మందుగోదాంల ఏసి తాళం పెట్టుండ్రి, ఒక్క దినం తప్పిన్నంటే అడుగుండ్రి."

మందుగోదాం అంటే బొగ్గు పేల్చే మందు దాచిన రాతి గది. ఊరవతల ఉంటుంది. మూరెడు మందం గోడలు, కిటికీ లేదు, ఖాళీ చేసి చాలా కాలమైంది. రాజక్క మాటవరసకు అన్నది. మేడం మొహం వెలిగిపోయింది. నాకప్పుడే అర్థమైంది, ఈవిడ ఊరుకునే రకం కాదని.

ఆఫీసుల చుట్టూ ఎట్లా తిరిగిందో ఏమో, పర్మిషన్ తెచ్చింది. గదిలో మంచం, నీళ్లు, మరుగుదొడ్డి, రాజక్క ఇష్టమొచ్చినప్పుడు వేసుకుని ఆర్పుకునే ఒక చిన్న బల్బు పెట్టించింది. లేస్తే ఒక గంట, పడుకుంటే ఇంకో గంట నొక్కాలి. ఒంటి వేడి చూసుకునే కర్ర నాలుక కింద పెట్టుకోవాలి. అన్నం రెండు తలుపుల అరలోంచి పోతుంది. ఎప్పుడు అడిగితే అప్పుడు, ఏం అడిగితే అది. డ్యూటీ లేనప్పుడు ఆ అర దగ్గర కూర్చునే పని నాకు తగిలింది.

"దేవదాస్, మీ గొంతులో నిద్ర వినపడొద్దు. ఆవలించొద్దు. చలి అనొద్దు, ఎండ అనొద్దు," అంది మేడం. కట్టుకున్న ఇల్లాలు కూడా నన్నిన్ని కట్టడి చేయలేదు!

రాజక్క తన పుంజును వెంట తీసుకుపోతానంది. అది కూస్తే వేళ తెలిసిపోతుందని మేడం ఒప్పుకోలేదు. పుంజును వేరే క్వార్టరులో, కిటికీలు మూసిన స్టోరు గదిలో పెట్టింది, దాని సంగతీ చూద్దామని. ఒక ఆదివారం రాజక్క అందరికీ దండం పెట్టి, "బాలమల్లును జర చూసుకోండ్రి," అని లోపలికి పోయింది. తలుపు పడింది.

ఊరంతా పందేలే. బాలమల్లులాగే బొగ్గు నింపే ఫిల్లర్ మొగిలి, రాజక్క వేళ తప్పితే మీసం తీసేస్తానన్నాడు. మర్నాడు పొద్దున్నే అందరికీ గుండె గుభేలుమంది, ఎందుకంటే లేపేవాళ్లు లేరు! సైరన్ మోగాక చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తేవాళ్లు, చెప్పులు మారినవాళ్లు, మొహం కడగనివాళ్లు. ల్యాంప్ రూం ముందు తొక్కిసలాట. నేను తిట్టని మనిషి లేడు.

మందుగోదాం దగ్గర చూస్తే ఒకటే సంబరం. మొదటి రోజు రాజక్క రోజూ లేచే వేళకే లేచింది. మర్నాడు కొంచెం ఆలస్యం. ఆ మర్నాడు ఇంకొంచెం. మేడం గోడకు కాగితం అంటించి, లేచిన వేళ దగ్గర చుక్క పెట్టేది. చుక్కలన్నీ ఒకే వాలులో పక్కకు జరుగుతూ పోతుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"చూడండి దేవదాస్, చూడండి! సూర్యుడు లేడు, గడియారం లేదు. అయినా ఆగలేదు! ఆమె లోపల రోజు తిరుగుతనే ఉన్నది. మన రోజు కంటే గంట పొడుగు, అంతే. మనం రోజూ పొద్దున వెలుతురు చూస్తం గద, గా వెలుతురే మన గడియారాన్ని సరిజేస్తది. ఆమెకు సరిజేసేది ఏదీ లేదు!"

నాకూ రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఒళ్లు నిద్రలో చల్లబడడం, లేచాక వేడెక్కడం కూడా ఆ వాలు పట్టుకునే జరిగింది. పుంజు మాత్రం ఎదురు దారి పట్టింది. రోజూ కొంచెం ముందుగా కూస్తూ, కొన్నాళ్లకు దీపాలు పెట్టే వేళకే కొక్కొరోకో అనడం మొదలుపెట్టింది. కోడి ముందుకు, యజమాని వెనక్కు. ఊళ్లో అందరూ పడీపడీ నవ్వారు.

మొదటి శనివారం రాజక్క లేచేసరికి మా ఎండ నెత్తిమీదికి వస్తోంది. "ఇయ్యాల ఒక్కపొద్దు, అన్నం తేకుండ్రి," అంది అరలోంచి. బానే ఉందనుకున్నాను. రెండో శనివారం పగలంతా నిద్రలోనే గడిచింది, లేచేసరికి చీకటి పడుతోంది. ఆమెకు అదే పొద్దుటి పూట, అప్పుడు మొదలుపెట్టింది ఒక్కపొద్దు. మేడం గోడమీది చుక్కల వంక చూసింది. నేనూ చూశాను. చదువురాని వాడికైనా తెలిసిపోతుంది. ఇట్లాగే జరిగితే మూడో వారం ఆమె లేచేసరికి మా శనివారం అయిపోతుంది, ఆ రోజంతా రాజక్కకు శుక్రవారమే.

ఆ మూడో శనివారానికి ముందు రోజు సాయంత్రం నాకు కోపం ఆగలేదు.

"మేడం, గిది పాపం. రేపు ఆమె మూడు పూటలు తింటది. కోడికూర అడుగుతది, చూడుండ్రి. కొడుకు పాణం మీద మొక్కిన మొక్కు. నేను చెప్పేస్త, మీరు ఏమన్న జేసుకోండ్రి."

"కూర్చోండి దేవదాస్," అంది మేడం. "నిన్నటి నుంచి నాక్కూడ ముద్ద దిగుతలేదు. చెప్తే ఇన్ని దినాల పని ఒక్క మాటతోటి పోతది. చెప్పకుంటే ఆమె మొక్కు పోతది. మొక్కు నాది కాదు, నేనెట్ల తేల్చాలె?"

"కోడి దొరకలేదని చెప్తే?"

"కోడి లేకున్నా పొద్దటి అన్నం తింటది గద? ఒక్కపొద్దు ఎట్లయినా పోతది." లేచి చెప్పులు వేసుకుంది. "మొక్కు ఎవరి కోసమో వాళ్లనే అడుగుదాం, పదండి."

బాలమల్లు గడపలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మేడం దాచకుండా అంతా చెప్పింది. నువ్వు వద్దంటే ఇప్పుడే తలుపు తీయిస్తానంది. వాడు బీడీని గడపకేసి నలిపాడు.

"అవ్వ ఎవరి కోసం ఉంటది ఒక్కపొద్దు?" అన్నాడు.

"నీ కోసమే గదరా," అన్నాను.

"మరి నా కోసం నేనుంటే సామి వద్దంటడా?"

"నువ్వా? చాయ్ జర ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తవు!"

"తలుపు తియ్యకుండ్రి మేడం. తిననీ. ఇన్నేండ్లు ఆమె పస్తుంటే ఎదురుంగ కూసోని తిన్న. ఒక్క శనివారం ఆమె తింటది, నేనుంట."

మేడం కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను.

మర్నాడు వాడికి ఫస్ట్ షిఫ్టు. దీపం తీసుకోవడానికి వచ్చినప్పుడు చేతిలో సద్ది డబ్బా లేదు. రోజూ మోసుకొచ్చే డబ్బా లేకపోతే మనిషి ఎట్లాగో కనిపించాడు. "చాయన్నా తాగురా," అంటే తల ఊపి దిగిపోయాడు. పారతో బొగ్గెత్తే పని, ఖాళీ కడుపుతో ఎవడన్నా చేస్తాడా? ఆ రోజంతా కప్పులో చిన్న చప్పుడైందని ఎవరన్నా వచ్చి చెబుతారేమోనని గని మొగదల వైపే చూస్తూ గడిపాను. నా షిఫ్టు మధ్యలో మందుగోదాం నుంచి మనిషి వచ్చి చెప్పాడు. రాజక్క హుషారుగా ఉందట. "ఇయ్యాల శుక్రవారం, రేపు ఎట్లాగు ఒక్కపొద్దే, జర కారం దట్టించి కోడికూర పంపుండ్రి," అందట.

షిఫ్టు అయిపోయింది. బాలమల్లు నల్లటి మొహంతో పైకొచ్చి దీపం నా ముందు పెట్టాడు.

"ఏం తిన్నది అవ్వ?"

"కోడికూర. ముక్క మిగల్చలేదంట."

వాడు తెల్లటి పళ్లన్నీ కనబడేటట్టు నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. దీపాలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగిపోయాను. మర్నాడు ఆదివారం, ఊరంతా మసాలా వాసన. రాజక్క మాత్రం లోపల, "ఇయ్యాల శనివారం, అన్నం వద్దు," అంది.

ఆ తర్వాతి గురువారం పొద్దున్నే తలుపు తీశారు. పండక్కి వచ్చినట్టు వచ్చారు జనం. రాజక్క కొంగు కళ్లకడ్డం పెట్టుకుని వెలుతురులోకి వచ్చింది. నిద్ర లేచి కాసేపే అయింది.

"నేను లేచిన, మీరూ లేచిన్రు. చూసిన్రా? తప్పిందా వేళ?"

ఒకటే కేరింతలు. నిజమే, రోజుకో గంట చొప్పున వెనక్కి పోయీ పోయీ, ఆమె గడియారం ఒక చుట్టు పూర్తి చేసుకుని మళ్లీ మా పొద్దుకు వచ్చి కలిసింది.

"ఇయ్యాల ఏం వారం రాజక్కా?" అని అడిగింది మేడం.

"బుధవారం."

"గురువారం. ఒక సూర్యుణ్ణి పోగొట్టుకున్నవు నువ్వు!" అంటూ మేడం ఆమెను గట్టిగా వాటేసుకుంది. "మనిషి లోపల పొద్దున్నదని నువ్వే చూపించినవు!" మొగిలి ముందుకు దూకాడు. "రోజు తప్పింది గని వేళ తప్పలే! మీసం నాదే!" జనం వాణ్ణి పైకెత్తారు.

రాజక్క కూడా నవ్వింది. నవ్వుతూనే వేళ్ల మీద వెనక్కి లెక్క పెట్టింది. ఒక వేలి దగ్గర ఆగింది. మొహంలో రక్తం లేదు.

"శనివారం నేను కోడి తిన్న," అంది. "నా కొడుకు బాయిల ఉండంగ తిన్న."

మేడం, "తప్పు నాది రాజక్కా," అనబోయింది. ఈలోపు బాలమల్లు గుంపును తోసుకుంటూ వచ్చాడు.

"మొక్కు పోలేదవ్వా. ఆ దినం నేనున్న ఒక్కపొద్దు. పొద్దుగూకినాకనే తిన్న, గది గూడ ఉత్త పప్పు."

ఆమె వాణ్ణి కిందినుంచి మీదిదాకా చూసింది.

"డ్యూటీకి పోయినవా ఆ దినం?"

"పోయిన."

చెంప చెళ్లుమంది. అందరం ఉలిక్కిపడ్డాం.

"కడుపుల మెతుకు లేకుంట బాయిల దిగుతవా? కండ్లు తిరిగి పడితె ఎవడు సూస్తడు? ఎవడు దిగుమన్నడు నిన్ను? మొక్కుకు నేనున్న గద!" కొడుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే వాడి రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. మేము వెనకాలే పోయాం, ఏమవుతుందోనని.

పొయ్యి ముట్టించి అన్నం వార్చింది. గుడ్ల కూర చేసింది. వాణ్ణి కూర్చోబెట్టి కంచం నిండా పెట్టింది. వాడు అప్పటికే ఒకసారి తిని ఉన్నాడు, ఆ మాట అనే ధైర్యం లేదు. ముద్ద కలిపి తల్లి నోటి దగ్గర పెట్టాడు.

"నువ్వు గూడ తినె అవ్వా."

రాజక్క ఆ చెయ్యి పట్టుకుని వాడి నోటివైపే తిప్పింది.

"నేను శనివారం కోడికూర తిన్నరా. నువ్వు తిను."