నోటిదాకా రాని చేయి

పటాన్‌చెరులో మా కంపెనీ గేటు ముందు ఎప్పుడూ పారే జిడ్డు నీళ్లలో జారిపడి కుడి మోచేయి కీలు తప్పింది. ఆ నీళ్ల కంపు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను. సంగారెడ్డిలో డాక్టరు కీలు సరిచేసి కట్టు వేశాడు. కట్టు విప్పిన నాడు ఒక్కటే గట్టిగా చెప్పాడు: మోచేతిని ఎవరితోనూ రుద్దించుకోవద్దు, బలవంతంగా వంచనివ్వద్దు.

ఆ మాట మా పెద్దబాపు చెవికెక్కలేదు. ఆయన మా బాపుకు అన్న. కాలు బెణికినా మెడ పట్టినా ఊళ్లో అందరూ ఆయన దగ్గరికే పోతారు. "డాక్టర్లకేం ఎరుక? కీలన్నంక తిప్పితేనే తిరుగుతది" అని, వెల్లుల్లి వేసి కాచిన ఆముదంతో రోజూ రుద్దాడు. నేను అరుస్తుంటే "గింతకే గట్ల ఒర్రుతవేందిరా" అని మోకాలు అడ్డం పెట్టి మరీ వంచాడు. ఆ నూనె వాసన, ఆయన నోటి బీడీ కంపు, నా చేతి మీద జారే ఆ వేళ్లు. ఛీ, రోత. పెద్దలకు ఎదురుచెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. చేయి కొద్దికొద్దిగా బిగుసుకుపోయి, దాదాపు చాచినట్టే నిలిచిపోయింది. ఆసుపత్రిలో కసరత్తులు చేయించే అమ్మాయి ఎక్స్‌రే చూసి, నలిగిన కండలో కొత్త ఎముక పెరిగిందని చెప్పింది. పక్కనున్న ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని పట్టుకుని వివరించింది కూడా. పుర్రె ఎముకల మధ్య కీళ్లు కదలవు. వెన్నుపూసల మధ్యవి కాస్తంత కదులుతాయి. భుజానిది బంతి గిన్నె కీలు, అన్ని వైపులా తిరుగుతుంది. మోచేతిది మడతబందు కీలు, తలుపులాగా ఒక్క దిక్కే. "అన్ని కీళ్లు ఒక్కతీరే అనుకుంటే ఎట్ల నడుస్తదన్నా?" అంది. బడిలో చదివిన పాఠమే. నా భుజం ఇప్పటికీ గుండ్రంగా తిరుగుతుంది. ఆ చేత్తో బస్సు ఆపగలను, పక్కవాడి విస్తరిలో అన్నం వడ్డించగలను. ముద్ద మాత్రం నా నోటికి అందదు.

ఇంట్లో ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాను. నలుగురిలో తినలేదు. చెంచా పట్టినా పట్టేది ఎడమ చేతే కదా, కడుక్కునే చేత్తో తింటున్నాడని మొహాలు తిప్పుకుంటారు. ఆకలితో తిరిగొచ్చిన దావతులు చాలా ఉన్నాయి.

మొన్న జోగిపేటలో చుట్టాల పిల్లవాడి పుట్టువెంట్రుకల దావత్. ఆకలి ఆగక వరుసలో కూర్చుని ఎడమ చేత్తోనే మటన్ కలిపాను. ఎదురుగా పెద్దబాపు.

"ఛీ, నలుగుట్ల గదేం తినుడురా! సూస్తుంటే కడుపుల తిప్పుతుంది. జెర పక్కకు పోయి తిను" అన్నాడు.

ఇన్నాళ్లూ లోపల మరిగింది పొంగింది. "నా కుడిచెయ్యి గిట్ల చేసింది నువ్వే గద పెద్దబాపూ. మరి నీ చేత్తోని తినిపియ్యి" అని నోరు తెరిచాను.

వరుసంతా తినడం ఆపి చూసింది. ఆయన నా నోట్లోకి చూసి, మొహం చిట్లించి, కలిపిన ముద్ద తన నోట్లోనే పెట్టుకున్నాడు. మోచేయి ఎంత సాఫీగా వంగిందో!