పిన్ని పుస్తకంలో నా గీతలు

నా చిన్నప్పుడు మా భిలాయిలో కాలిన పిల్లల కట్లు ఎలా విప్పాలో కనిపెట్టింది నేనే. నవ్వకండి. ఎనిమిదేళ్లవాణ్ణి. మరోదా సెక్టార్లోని మా క్వార్టర్లో బొగ్గుల కుంపటిని, అదే సిగిడీని, తన్నేసి, కాలు కాల్చుకుని ఆసుపత్రి పిల్లల వార్డులో పడ్డాను. మా పిన్ని ఆ వార్డులోనే నర్సు.

సరే, కనిపెట్టింది నేను కాదు, పిన్ని. నాది కాలు మాత్రమే. ఆ రోజుల్లో పుండుకు అంటుకుపోయిన గాజుగుడ్డను పొద్దున్నే పొడిగా లాగేసేవారు. ప్రాణం పోయినంత పనయ్యేది. పిన్ని మాత్రం మరగబెట్టి చల్లార్చిన ఉప్పునీళ్లతో తడిపి, కాసేపాగి, మెల్లగా విప్పేది. అందరికీ అలాగే చేద్దామంటే, ఇరవై కట్లు నానబెడుతూ కూర్చుంటే మిగతా పని ఎవరు చేస్తారని పెద్ద సిస్టరు కసిరిందట. రుజువు చూపిస్తానని పిన్ని ఒక నోటుపుస్తకం పెట్టింది. ఒక వారం పొడిగా, ఒక వారం తడిపి. కట్టు విప్పాక నొప్పి ఎంతుంటే అంత పొడుగు గీత మేమే గియ్యాలి.

పిన్నిని గెలిపించాలని పొడి వారంలో నా గీతను పేజీ చివరిదాకా లాగాను. పక్క మంచాల పిల్లల గీతల్ని కూడా దొంగచాటుగా సాగదీశాను. ఒంటిమీద కట్టే లేని టైఫాయిడ్ పిల్లాడి పేరున కూడా ఒకటి గీశాను.

నెల తిరిగాక పిన్ని ఆ పుస్తకాన్ని కట్టుగుడ్డ పీలికతో ముడేసి పెద్ద సిస్టరు బల్ల మీద పెట్టింది. పది రోజులకు తిరిగొచ్చింది. మర్నాటినుంచి పిన్ని చేత కూడా ఉప్పునీళ్ల గిన్నె తీయించేశారు. పక్క మంచం పిల్ల దిండు కొరుక్కుంటూ ఏడ్చింది. పిన్ని కూడా పొడిగానే లాగింది. నా దొంగ గీతలు పట్టుబడ్డాయని నాకర్థమైపోయింది.

అరవయ్యేళ్ల పైగా అదే మోస్తున్నాను. నొప్పెంత అని ఏ డాక్టరడిగినా ఉన్నంతే చెబుతాను. మిగతా విషయాల్లో కొంచెం కలుపుతాను, అది వేరే సంగతి.

మొన్న నర్సింగు చదివే మా మనవరాలు, ఇదే విషయం మీద పరిశోధన చేసి రాసిస్తే కాలేజీ బీరువాలో పెట్టేశారని, తను వెళ్లే వార్డులో ఇంకా పొడిగానే లాగుతున్నారని విసుక్కుంది. నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే నెహ్రూ నగర్‌లో పిన్ని దగ్గరికెళ్లి, నీ పుస్తకాన్ని పాడుచేసింది నేనేనని ఒప్పుకున్నాను.

తొంభైకి దగ్గరపడ్డ పిన్ని టీలో రస్కు ముంచుకుంటూ అంతా విన్నది.

"ఏట్రా నీ గొప్ప," అంది. "నీ గీతలు ఎవులు చూసేర్రా? నేనేసిన ముడి ముడిలాగే తిరిగొచ్చింది."