నాచారం రోడ్డు వాలు

మొన్న ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే నా కుడి మోకాలు కటుక్కుమంది. పక్కనే లిఫ్టు ఉన్నా పంతానికి పోయి మెట్లెక్కాను మరి. సగంలో రెయిలింగు పట్టుకుని, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ నిలబడ్డప్పుడు బావ గుర్తొచ్చాడు. మా అక్క భర్త. మోకాళ్ల నొప్పుల మాట ఎవరెత్తినా నాకు ముందు ఆయనే గుర్తొస్తాడు. ఆ నొప్పులతోనే ఆయన నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తాలనుకున్నాడు.

అప్పటికింకా తెలంగాణ రాలేదు. మెట్రో కోసం ఉప్పల్ రోడ్డు మధ్యలో గుంతలు తవ్వుతున్న రోజులు. జనగామ వైపు నుంచి వచ్చిన బావ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. పాతికేళ్లుగా సిమెంటు నేల మీద నిలబడి మెషిన్లు బిగిస్తున్నాడు. నలభై ఎనిమిదో ఏట డాక్టరు షుగరు అంచుల్లో ఉందని, రోజూ నడవమని చెప్పాడు. బావకు ఏ పనీ సగం చేయడం చేతకాదు. నడక పరుగైంది, పరుగు పిచ్చయింది, చివరికి సిటీలో జరిగే మారథాన్‌కి పేరు కూడా ఇచ్చేశాడు. పొద్దున్నే ఉప్పల్ నుంచి ఫ్యాక్టరీ దాకా పరుగు, సాయంత్రం కంపెనీ బస్సులో ఇంటికి. ఆదివారాలు వరంగల్ రోడ్డు మీద నారపల్లి దాకా పోయి రావడం.

రెండు నెలలు తిరిగేసరికి మోకాళ్లు పట్టేశాయి. ఎడమది మరీ. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. డాక్టరు ఐసు పెట్టమన్నాడు. అక్కేమో మౌలాలి రైలు పట్టాల పక్కనుంచి వావిలాకు కోసుకొచ్చి వేడివేడిగా కాపడం పెడతానంది. ఇద్దరిలో ఎవరినీ కాదనలేక బావ పొద్దున ఐసుకూ సాయంత్రం ఆకుకూ మోకాలు అప్పగించేవాడు. ఇల్లంతా వావిలాకు ఘాటు, ఫ్రిజ్ నిండా గడ్డకట్టిన నీళ్ల ప్యాకెట్లు. ఎన్ని చేసినా తగ్గకపోతే, పరుగు మానకుంటే ఎడమ మోకాలు పోతుందని డాక్టరు తేల్చేశాడు. మానెయ్యమని నేనూ అన్నాను.

"గిన్నేండ్లు మంది కోసం నిలవడ్డ బామ్మర్దీ. గీ ఒక్కటి నా కోసం జేస్తున్న," అన్నాడు బావ. ఆ మాటకు నాకు సిగ్గేసింది.

ఆ సాయంత్రం బూట్లు రెండూ తిరగేసి, అరిగిన బేరింగును చూసినట్టు అడుగు భాగాలు చూశాడు. రెండూ ఎడమ వైపుకే అరిగి ఉన్నాయి. "గిట్ల అరిగిందంటే తప్పు మెషిన్‌ది కాదు, కింద నేలది," అన్నాడు. మర్నాడు ఆదివారం, తెల్లారీ తెల్లారకముందే, మెషిన్ కింద మట్టం చూసే స్పిరిట్ లెవెల్ పట్టుకుని నన్ను నాచారం రోడ్డు మీదికి లాక్కుపోయాడు. తారు అంచున దాన్ని పెట్టగానే గాజు గొట్టంలోని గాలి బుడగ గబుక్కున ఎత్తుగా ఉన్న రోడ్డు మధ్య వైపుకు జరిగింది. వాన నీళ్లు పోవడానికి రోడ్డును అంచులకు వాలుగా వేస్తారు. ఏళ్ల తరబడి ఎడమ పక్కన స్కూటరు నడిపిన అలవాటుతో బావ పరుగు కూడా ఎప్పుడూ ఎడమ పక్కనే, ఎడమ కాలు ఎప్పుడూ పల్లంలోనే. మెషిన్ కింద వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకోని మనిషి, తన కాళ్లను మాత్రం రెండు నెలలు వాలులో నడిపాడన్నమాట.

ఇంతలో టీ కొట్టాయన పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజుల్లో కొలతలు తీసేవాళ్లను చూస్తే రోడ్డు పక్కవాళ్లందరికీ హడలే. "సార్, రోడ్డు పెద్దగ జేస్తున్నరా? నా డబ్బా పోతదా?" అన్నాడు.

"ఫికర్ జెయ్యకు అన్నా, పోయేది నా మోకాలే," అన్నాడు బావ. ఆయన నమ్మలేదు. మాకు టీ తాగించి, లెవెల్ కొంచెం అవతలగా పెట్టమని బతిమాలాడు.

పదిహేను రోజులు ఆగి, బావ మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి సగం దూరం ఈ పక్కన, సగం ఆ పక్కన. నొప్పి పూర్తిగా పోలేదు కానీ భరించేంతకు దిగింది.

పోటీ రోజు, రానంటే రానన్న అక్క ఫ్లాస్కులో వేడినీళ్లు పోసుకుని నాకంటే ముందు తయారైంది. ముగింపు గీత దగ్గర నిలబడ్డాం. అందరూ వచ్చేశారు. ఎండ ముదిరింది. ఇచ్చిన గడువు దాటింది. గీత మీద గాలి నింపి నిలబెట్టిన రబ్బరు ద్వారం గాలి తీసేస్తే కూలబడింది, పెద్ద గడియారాన్ని వ్యాన్‌లో పెట్టేశారు. "యాడ పడ్డడో ఏందో రా," అంటూ అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అప్పుడు కనిపించాడు, ఫుట్‌పాత్ మీద, కుంటుతూ, చొక్కా నిండా ఉప్పు చారలతో. నడవడం లేదు, పరిగెత్తుతున్నాడు. దాన్ని పరుగని మేమిద్దరమే ఒప్పుకుంటాం.

గీత దగ్గర పరిచిన తివాచీని చుడుతున్న మనిషిని, "లైన్ యాడుండె అన్నా?" అని అడిగాడు. అతను చూపించిన చోటుకి వెళ్లి, అక్కడ లేని గీతను జాగ్రత్తగా దాటాడు. మోకాళ్లు వంగక కూర్చోలేకపోతే అక్క రెండు చేతులా పట్టుకుంది.

"ఎంత టైమయింది?" అన్నాడు బావ.

"ఎంతయితేంది, వచ్చినవ్ గద," అంది అక్క.

అంత గర్వం నాకు ఇంకెవరిని చూసీ కలగలేదు. ఆ పరుగుకి ఎంత సమయం పట్టిందో ఏ కాగితం మీదా లేదు. ఇన్నేళ్లలో నా చేతుల్లోంచి జారిపోకుండా మిగిలిన సమయం మాత్రం అదే.